ఫ్రీజర్‌లో పెట్టిన పిండి మళ్లీ పొంగాలంటే

ఆదివారం తీరిక దొరికిందని మైదా కలిపారు. చక్కగా పొంగనిచ్చి, ఉండలు చేసి ఫ్రీజర్‌లో పెట్టారు. వారం తిరక్కుండా బయటికి తీశారు. గంట చూశారు, రెండు గంటలు చూశారు. ముద్ద పొంగకపోగా పళ్లెంలో పలచగా పరుచుకుంది. ఓవెన్‌లో పెడితే బన్ను గట్టిగా, బరువుగా వచ్చింది. ఎక్కడ పొరపాటు జరిగింది? ఈస్ట్ నాసిరకమా? ఫ్రీజర్ చలికి చచ్చిపోయిందా?

చాలామంది అక్కడితో ఆశ వదులుకుంటారు. ఈస్ట్ కలిపిన పిండి ఫ్రీజర్‌కి పనికిరాదని తీర్మానించేస్తారు. దయచేసి ఆ మాట నమ్మకండి. పెద్ద బేకరీ కంపెనీలు పచ్చి పిండి ముద్దల్నే గడ్డకట్టించి, ఊళ్లు దాటించి, దుకాణాల దగ్గర పొంగించి కాలుస్తున్నాయి. వాళ్లకున్న యంత్రాలు మనకు లేవు, నిజమే. కానీ వాళ్లు పాటించే పద్ధతిలో ముఖ్యమైన భాగమంతా మన వంటింట్లోనూ చేయగలిగినదే.

ముందు ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి. ఫ్రీజర్‌లో పెట్టిన టమాటాను ఎప్పుడైనా బయటికి తీసి చూశారా? గట్టిగా ఉన్నంతసేపు బాగానే కనిపిస్తుంది. మంచు కరిగాక మెత్తబడిపోయి నీళ్లు కారుతుంది. లోపలి నీరు మంచు పలుకులై కణాల గోడల్ని చీల్చేసింది కాబట్టే అలా అవుతుంది. ఈస్ట్ కూడా ప్రాణమున్న కణమే, దానిలోనూ నీరుంది. మరీ వేగంగా గడ్డకడితే ఆ నీరు లోపలే మంచు అవుతుంది. మరీ నెమ్మదిగా గడ్డకడితే బయట ఏర్పడే మంచు లోపలి నీటిని లాగేసుకుని, కణాన్ని ఎండగట్టేస్తుంది. అమెరికాలో ఓక్ రిడ్జ్ ప్రయోగశాలకు చెందిన పీటర్ మేజర్ 1960లలో ఈస్ట్ మీదే పనిచేసి ఈ రెండు ప్రమాదాల లెక్క తేల్చారు. సిద్ధాంతం మనకు ఇంతవరకు చాలు.

ఈ ప్రమాదానికి ఈస్ట్ దగ్గరే ఒక విరుగుడు ఉంది. ట్రెహలోస్ అనే చక్కెరను అది తనలో నిల్వ చేసుకుంటుంది. కణం పైపొరను చలి నుంచి, ఎండిపోవడం నుంచి కాపాడేది అదే. ప్యాకెట్‌లోని ఎండు ఈస్ట్ గింజల్లో ఈ చక్కెర దండిగా ఉంటుంది. అయితే తడి తగిలి, తిండి దొరికి, పులియడం మొదలైందో లేదో ఈస్ట్ ఆ నిల్వను గబగబా ఖర్చు చేసేస్తుంది. మీరు పిండిని రెట్టింపు అయ్యేదాకా పొంగనిచ్చి ఫ్రీజర్‌లో పెట్టారంటే, రక్షణంతా కరిగిపోయిన ఈస్ట్‌ని చలిలోకి తోశారన్నమాట. మామూలు బన్నులకు ఎంతో మేలుచేసే అలవాటు ఇక్కడ నష్టం తెస్తోంది.

అందుకే ఈ అధ్యాయమంతటికీ ఆధారమైన నియమం ఒక్కటే: పులియడం మొదలవకముందే గడ్డకట్టించండి, పొంగించడం తర్వాత చూసుకోండి.

పిండి కలిపేటప్పుడు

1. ఈస్ట్ కాస్త ఎక్కువ వేయండి. ఎంత జాగ్రత్తపడినా కొన్ని కణాలు చస్తాయి. అరకిలో మైదాకు మామూలుగా 5 గ్రాముల ఇన్‌స్టంట్ ఈస్ట్ వేసే అలవాటుంటే, ఫ్రీజర్‌కి వెళ్లే పిండికి 7 లేదా 8 గ్రాములు వేయండి. అంతకు మించితే వాసన పట్టిస్తుంది.

2. నీళ్లు కాస్త తగ్గించండి. 300 మిల్లీలీటర్లు పోసే చోట 280 పోయండి. ముద్ద కొంచెం గట్టిగా అనిపిస్తుంది, భయపడకండి. గడ్డకట్టి కరిగాక ముద్ద ఎలాగూ సడలుతుంది. రెండు మూడు చెంచాల వెన్నో నూనో తప్పకుండా వేయండి. ఫ్రీజర్ పిండికి అది బాగా కలిసివస్తుంది.

3. చల్లటి నీళ్లే వాడండి. ఇన్నాళ్లూ గోరువెచ్చని నీళ్లని చదివాం కదా అంటారా? అప్పుడు మన పని ఈస్ట్‌ని త్వరగా లేపడం. ఇప్పుడు దాన్ని ఆపి ఉంచడం. మే నెలలో విజయవాడ వంటింట్లో డబ్బాలోని మైదా కూడా వెచ్చగానే ఉంటుంది. కాబట్టి మైదాను గంట ముందు ఫ్రిజ్‌లో పెట్టండి, ఫ్రిజ్ నీళ్లు పోయండి. కలపడం పూర్తయ్యేసరికి ముద్ద వేడి 20 డిగ్రీల దగ్గర ఉంటే మంచిది. థర్మామీటర్ లేకపోతే చేత్తో పట్టుకోండి, స్పష్టంగా చల్లగా తగలాలి.

4. చల్లటి నీళ్లలో ఎండు ఈస్ట్‌ని నేరుగా మాత్రం వేయకండి. ఎండిన కణం నీరు పీల్చుకునే ఆ మొదటి క్షణాల్లో దాని పైపొర ఇంకా కుదురుకుని ఉండదు. నీళ్లు మరీ చల్లగా ఉంటే లోపలి సరుకంతా బయటికి కారిపోతుంది. ముందు మైదా, నీళ్లు ఒక నిమిషం కలిపేయండి. ఆ తడి పిండి మీద ఈస్ట్ చల్లి మర్దించండి. ఇన్‌స్టంట్ ఈస్ట్‌కి ఇది సరిపోతుంది. మీ దగ్గరున్నది నీళ్లలో నానబెట్టి వాడే లావు గింజల యాక్టివ్ డ్రై ఈస్ట్ అయితే, రెండు మూడు చెంచాల గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, మిగతా నీళ్లు చల్లగా పోయండి. అయితే ఫ్రీజర్ పిండికి ఇన్‌స్టంట్ రకమే మేలని నా అభిప్రాయం. నానబెట్టే పని లేదు, ముందుగా మేల్కొనే అవకాశమూ తక్కువ.

5. బాగా మర్దించండి. ముద్దలో చిన్న ముక్క తీసి వేళ్లతో సాగదీస్తే వెలుతురు కనిపించేంత పలచటి పొర రావాలి. ఇది బద్ధకించే చోటు కాదు. చచ్చిన ఈస్ట్ కణాల నుంచి గ్లూటాథయోన్ అనే పదార్థం కారి, పిండిలోని జిగురును సడలిస్తుంది. ముద్ద పళ్లెంలో పరుచుకుపోవడం వెనుక ఉన్న కారణాల్లో అదొకటి. మొదటే జిగురు గట్టిగా ఏర్పడి ఉంటే ఆ దెబ్బను తట్టుకుంటుంది.

గడ్డకట్టించేటప్పుడు

6. పావుగంటలో ఉండలు చేసేయండి. మూత పెట్టి పక్కన ఉంచి, వేరే పని చూసుకుని రావడం అస్సలు వద్దు. ఎక్కువ పిండి ఉంటే సగం ఫ్రిజ్‌లో పెట్టి సగం ఉండలు చేసుకోండి.

7. చిన్నగా, చదునుగా చేయండి. బన్నుకు 60 నుంచి 80 గ్రాముల ఉండ చాలు. పిజ్జాకైతే 200 గ్రాముల ముద్దను అరచేతితో నొక్కి బిళ్లలా చేయండి. కిలో ముద్దను అలాగే ఫ్రీజర్‌లో పెడితే ఏమవుతుంది? పైన గడ్డకడుతుంది. నడిమధ్య గంటల తరబడి వెచ్చగానే ఉంటుంది, అక్కడ ఈస్ట్ హాయిగా పులియబెడుతూనే ఉంటుంది. ఆ మధ్యభాగానికి చలి చేరేసరికి రక్షణ అయిపోయి ఉంటుంది.

8. స్టీలు పళ్లేన్ని ముందే ఫ్రీజర్‌లో పెట్టి చల్లబరచండి. దానిమీద కొద్దిగా నూనె రాసి ఉండల్ని దూరదూరంగా పేర్చండి. రెండు మూడు గంటల్లో గట్టిపడతాయి. అప్పుడు కవరులో వేసి గాలి తీసేసి మూయండి. మొదటే కవరులో వేస్తే ఒకదానికొకటి అతుక్కుని మళ్లీ పెద్ద ముద్దే అవుతుంది. కవరు మీద తేదీ రాయండి.

9. ఫ్రీజర్ వెనుక భాగంలో పెట్టండి. తలుపు దగ్గర అర వద్దు. మైనస్ 18 డిగ్రీలు నిలకడగా ఉండటం ముఖ్యం. వేడి కాస్త పెరిగి తగ్గిన ప్రతిసారీ చిన్న మంచు పలుకులు కరిగి, కలిసి, పెద్ద పలుకులవుతాయి. ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లలో మంచు పేరుకోకుండా మధ్యమధ్య హీటర్ దానంతటదే పనిచేస్తుంది కాబట్టి ఈ జాగ్రత్త ఇంకా అవసరం. కవరును ఒక డబ్బాలో పెట్టి, చుట్టూ గడ్డకట్టిన పచ్చిబఠాణీ ప్యాకెట్లో, ఐస్ ప్యాకులో ఉంచితే ఒడిదుడుకులు తగ్గుతాయి.

కరెంటు పోతే? తలుపు తెరవకండి, అంతే. నిండుగా ఉన్న ఫ్రీజర్ మూసి ఉంచితే చాలా గంటలు చల్లదనం నిలుపుకుంటుంది. మీరు ఊళ్లో లేనప్పుడు కరెంటు పోయి ఫ్రీజర్‌లో మంచు కరిగిందేమో తెలుసుకోవడానికి ఒక చిట్కా ఉంది. చిన్న గిన్నెలో నీళ్లు గడ్డకట్టించి, ఆ మంచు మీద రూపాయి బిళ్ల పెట్టి ఫ్రీజర్‌లో ఉంచండి. తిరిగొచ్చాక బిళ్ల పైనే ఉంటే మంచు కరగలేదని అర్థం. అడుగున మంచులో ఇరుక్కుని ఉంటే, మధ్యలో అంతా కరిగి మళ్లీ గడ్డకట్టిందని అర్థం. ఆ పిండి మీద ఆర్డరు ఒప్పుకోకండి.

బయటికి తీసేటప్పుడు

ఇక్కడ తొందర పడేవాళ్లే ఎక్కువ. శనివారం సాయంత్రం పుట్టినరోజు పార్టీకి అరవై బన్నులు ఇవ్వాలి. మధ్యాహ్నం పన్నెండింటికి గుర్తొచ్చింది. ఏం చేస్తారు? మైక్రోవేవ్‌లో డిఫ్రాస్ట్ నొక్కుతారు, లేదా ఎండలో పెడతారు. అంచులు వేడెక్కి పులుస్తాయి, కొన్నిచోట్ల ఈస్ట్ వేడికి చస్తుంది కూడా. మధ్యలో మాత్రం ఇంకా మంచే. అలాంటి ముద్ద సమంగా పొంగదు.

10. ముందురోజు రాత్రే ఫ్రీజర్ నుంచి ఫ్రిజ్ కింది అరలోకి మార్చండి. ఎనిమిది నుంచి పన్నెండు గంటలు పడుతుంది. ఆరిపోకుండా మూత ఉండాలి. ముద్దంతా ఒకే చల్లదనానికి వస్తుంది, గడ్డకట్టడంలో దెబ్బతిన్న కణాలకు కోలుకునే వ్యవధి దొరుకుతుంది.

11. ఉదయం బయట పెట్టి పొంగనివ్వండి. గడియారం చూడకండి, ముద్దను చూడండి. తాజా పిండి కంటే ఎక్కువసేపు పడుతుంది. మన వేసవిలో గంటన్నరలో అవుతుంది. డిసెంబరులో రెండు మూడు గంటలు పట్టవచ్చు. చలిదేశాల్లో ఉన్నవాళ్లు ఓవెన్ వెలిగించకుండా లోపలి దీపం మాత్రం వేసి అందులో పెట్టుకోవచ్చు. వేలితో మెల్లగా నొక్కి చూడండి. గుంట వెంటనే పూడితే ఇంకా ఆగాలి. నెమ్మదిగా, సగం మాత్రమే పూడితే ఓవెన్‌లోకి వెళ్లవచ్చు.

12. కరిగిన పిండిని మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టకండి. మొదటిసారి బతికి బయటపడ్డ కణాల దగ్గర రెండోసారికి ఏ నిల్వా ఉండదు. మిగిలిపోతే కాల్చేయండి, కాల్చిన బన్నుల్ని నిశ్చింతగా ఫ్రీజర్‌లో దాచుకోవచ్చు.

ఎన్నాళ్లు నిలవుంటుంది? ఇంటి ఫ్రీజర్‌లో రెండు వారాలు నమ్మకంగా, నాలుగు వారాలు సర్దుకుని. అంతకు మించి కావాలంటే పచ్చి పిండి దాచకండి. పిజ్జా బేస్‌ను సగం కాల్చి చల్లార్చి ఫ్రీజర్‌లో పెట్టండి. పొంగే పని అప్పటికే అయిపోయింది కాబట్టి ఈస్ట్ బతికిందా లేదా అన్న ప్రశ్నే ఉండదు.

ప్యాకెట్లో ఉన్న ఈస్ట్ సంగతి

ఎండు ఈస్ట్‌కి ఫ్రీజర్ మంచి చోటు. అందులో తేమ నూటికి ఐదు పాళ్ల దగ్గరే ఉంటుంది కాబట్టి మంచుగా మారేందుకు నీరే లేదు. ప్రమాదం వేరే చోట ఉంది. చల్లటి డబ్బా మూత వేడి వంటింట్లో తీయగానే గాలిలోని తేమ గింజల మీద చేరుతుంది. అందుకని అర కిలో ప్యాకెట్ కొన్నవాళ్లు వారానికి సరిపడేంత చిన్న సీసాలో పోసి ఫ్రిజ్‌లో ఉంచుకోండి. పెద్ద డబ్బాను గాలి చొరకుండా మూసి ఫ్రీజర్‌లో పెట్టి, అవసరమైనప్పుడు బయట పెట్టి, గది వేడికి వచ్చాకే మూత తీయండి. చెంచా పొడిగా ఉండాలి.

బేకరీ వాళ్ల దగ్గర దొరికే తడి ఈస్ట్ దిమ్మ కథ వేరు. దాంట్లో మూడింట రెండొంతులు నీరే. ఫ్రీజర్‌లో పెడితే కరిగాక జారిపోతుంది, బలమూ తగ్గుతుంది. కావలసినంతే కొనుక్కుని ఫ్రిజ్‌లో ఉంచడమే సరైన పని.

ఏ ఈస్ట్ మీదైనా అనుమానం వస్తే పరీక్ష సులువు. అరకప్పు గోరువెచ్చని నీళ్లు, చెంచా పంచదార, చెంచా ఈస్ట్. పది నిమిషాల్లో పైన మందంగా నురగ కడితే బతికే ఉంది. అక్కడక్కడ నాలుగు బుడగలు మాత్రమే వస్తే, అరకిలో మైదాను దాని పాలు చేయకండి.

ఇడ్లీ పిండికి ఇవన్నీ వర్తిస్తాయా అని అడుగుతారు. ఇడ్లీ పిండిని ముఖ్యంగా పొంగించేది ల్యూకోనొస్టాక్ జాతి బ్యాక్టీరియా. అందులో ఈస్ట్ పాత్ర చిన్నది. దాని పద్ధతి వేరు, ఈ అధ్యాయాన్ని దానికి అన్వయించకండి.

ల్యాబ్‌లో ఈస్ట్ దాచుకునే విద్యార్థులకు

ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం మీరు తెచ్చుకున్న ఈస్ట్ రకం ఆరు నెలల తర్వాత కూడా బతికుండాలి. పుణెలోని ఎన్‌సీఐఎం నుంచో, చండీగఢ్‌లోని ఎంటీసీసీ నుంచో డబ్బు కట్టి తెప్పించినదైతే మరీ జాగ్రత్త. ఇక్కడ ఈస్ట్ సొంత నిల్వకు తోడు రక్షణ మనమూ కలపాలి. ఆ పని చేసేది గ్లిసరాల్. 1949లో లండన్‌లో పోల్జ్, ఆడ్రీ స్మిత్, పార్క్స్ కోడిపుంజు వీర్యకణాల్ని గ్లిసరాల్‌తో గడ్డకట్టించి బతికించి చూపించారు. ఇవాళ్టికీ ప్రయోగశాలలు ఆ దారిలోనే నడుస్తున్నాయి.

ఒకటి, పెరుగుదల ఆగిన కల్చర్‌ని తీసుకోండి. వైపీడీ ద్రవంలో ఒకటి రెండు రోజులు పెరిగి, తిండి అయిపోయి, ట్రెహలోస్ పోగేసుకున్న కణాలే చలికి తట్టుకుంటాయి. జోరుగా విభజన చెందుతున్న కణాలు బలహీనం.

రెండు, ఆటోక్లేవ్ చేసిన 40 శాతం గ్లిసరాల్, కల్చర్ సమపాళ్లలో కలపండి, 20 శాతం అవుతుంది. గ్లిసరాల్ చిక్కగా అడుగున దిగిపోతుంది. ట్యూబ్‌ను తలకిందులు చేసి, వోర్టెక్స్ చేసి, లోపల తీగలు తీగలుగా కనిపించడం పూర్తిగా పోయేదాకా కలపండి. చాలా స్టాకులు పాడయ్యేది ఇక్కడే.

మూడు, మైనస్ 80లో పెట్టండి. నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున చల్లబడితే మేలు. అందుకు ప్రత్యేక డబ్బాలున్నాయి, లేకపోతే మందపాటి థర్మోకోల్ పెట్టెలో పెట్టి ఫ్రీజర్‌లో ఉంచండి. ద్రవ నత్రజనిలో ఒక్కసారిగా ముంచడం మాత్రం వద్దు. మామూలు మైనస్ 20 ఫ్రీజర్ కొద్ది నెలల అవసరానికే.

నాలుగు, వాడేటప్పుడు ట్యూబ్‌ను కరిగించకండి. మంచు మీద పెట్టి, స్టెరైల్ లూప్‌తో పైపొర గీకి ప్లేటు మీద గీయండి, ట్యూబ్‌ను వెంటనే వెనక్కి పెట్టేయండి. మొత్తం కరిగించక తప్పకపోతే 37 డిగ్రీల నీళ్లలో తిప్పుతూ వేగంగా కరిగించి, వెంటనే తాజా ద్రవంలోకి మార్చండి. వంటింటి పిండికి చెప్పిన రాత్రంతా ఫ్రిజ్ పద్ధతి ఇక్కడ పనికిరాదు.

ఐదు, ఎంత బతికిందో కొలవండి. గడ్డకట్టించే ముందు, వారం తర్వాత అదే పలచనలో ప్లేటు వేసి కాలనీలు లెక్కపెట్టండి. అంత సమయం లేకపోతే మిథిలీన్ బ్లూ చుక్క వేసి మైక్రోస్కోప్ కింద చూడండి. చచ్చిన కణాలు నీలంగా కనిపిస్తాయి, బతికినవి రంగు లేకుండా ఉంటాయి. స్టాకు రెండు ట్యూబులుగా చేసి రెండు వేర్వేరు ఫ్రీజర్లలో పెట్టండి. పేరు మార్కర్‌తో మూత మీదా, పక్కనా రాసి, పైన టేపు అంటించండి. ఆల్కహాల్ తగిలితే రాత చెరిగిపోతుంది.

ఇప్పుడు మళ్లీ వంటింట్లోకి. మీరు ఇంటి నుంచే బన్నులు, పిజ్జాలు అమ్ముతుంటే, మొదటి విడతగా ఆరు ఉండలే చేయండి. మూడో రోజు రెండు, వారానికి రెండు, రెండో వారం చివర రెండు కాల్చి చూడండి. ఎన్ని గంటల్లో పొంగాయో, ఎంత ఎత్తు లేచాయో పుస్తకంలో రాసుకోండి. మీ ఫ్రీజర్‌కి, మీరు వాడే మైదాకి, మీ ఊరి వేడికి సరిపోయే గడువు ఆ పుస్తకంలోనే తేలుతుంది. అది తేలేదాకా పెద్ద ఆర్డర్లకు తాజా పిండే కలపండి.